‘పొలం మాదే సార్, రాసుకోండి’

సాగు ఖర్చుల లెక్కలతో ఊళ్లు తిరిగే వ్యవసాయ ఆర్థికవేత్తని. పనిలో కౌలు రైతుల నోట నేను ఎక్కువసార్లు విన్న అబద్ధం పైన రాసిందే.

అపోహ: కౌలు సంగతి సర్వేలో చెబితే ఆసామి పొలం లాగేసుకుంటాడు, పైగా రేషన్ కార్డు పోతుంది.

వాస్తవం: రేషన్ కార్డు కబురు ఎవరు పుట్టించారో గానీ, మా లెక్కలకు దానితో పనే లేదు. నివేదికల్లో అచ్చయ్యేది సగటులు, పేర్లు కాదు. ఆసామి అంటే భయం మాత్రం ఉత్తది కాదు, నోటిమాట కౌలు ఏడాదికేడాది ఊగుతూనే ఉంటుంది. కానీ దాస్తే పోయేదేమిటో చూడండి. మద్దతు ధరకు కేంద్రం ఆధారం చేసుకునేది ఏ2+ఎఫ్ఎల్, అంటే రైతు చేతినుంచి పెట్టిన ఖర్చూ ఇంటివాళ్ల చాకిరీ విలువా కలిపిన లెక్క; దాని మీద కనీసం యాభై శాతం కలిపి ధర కడతారు. కట్టిన కౌలు అందులో ఖర్చు. సొంత పొలమని రాయిస్తే అదే సొమ్ము అక్కడ మాయమై, పొలం అద్దె విలువగా సీ2లో, అంటే సొంత భూమి, పెట్టుబడి విలువ కూడా కలిపే పెద్ద లెక్కలో, తేలుతుంది. సీ2 మీద యాభై శాతం ఎవరూ ఇవ్వడం లేదు! 2025-26లో సాధారణ వరికి క్వింటాలు ఏ2+ఎఫ్ఎల్ 1,579 రూపాయలు, మద్దతు ధర 2,369. ఒక్క ఇంటి అబద్ధంతో సగటు కదలదు. ఊరంతా అదే మాటంటే కదులుతుంది.

కృష్ణా డెల్టాలో ఒక బాబాయ్ అరుగు మీద కూర్చుని ఎరువులూ కూలీలూ వరసగా చెప్పాడు. పొలం దగ్గరికొచ్చేసరికి "మాదే" అన్నాడు. లోపల్నుంచి పిన్ని అందుకుంది: "మాదైతే మక్తాకి నా గొలుసు బ్యాంకులో ఎందుకు పెట్టావ్?" మక్తా, అంటే కౌలు, ఎకరానికి 16 బస్తాల వడ్లట. 75 కిలోల బస్తా లెక్కన 12 క్వింటాళ్లు, మద్దతు ధర ప్రకారం 28,428 రూపాయలు. నా కాగితంలో అప్పటిదాకా ఆ గడిలో సున్నా.

అపోహ: పొలం సాగు చేస్తున్నది కౌలుదారే అని చూపే సాగుదారు కార్డు ఇప్పిస్తే భూమి కౌలుదారుదైపోతుంది. (ఇది ఆసాముల టెన్షన్.)

వాస్తవం: ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే, భూమి మీద హక్కు రాదు.

అపోహ: ధర మీరే తేలుస్తారు.

వాస్తవం: వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సిఫారసు చేస్తుంది, కేంద్ర మంత్రివర్గం ఖరారు చేస్తుంది. నన్ను తిట్టి లాభం లేదు.

అపోహ: మద్దతు ధరకు వ్యాపారి కొనితీరాలి.

వాస్తవం: అలా కట్టడి చేసే కేంద్ర చట్టం లేదు.

పిన్ని ఆ రోజు లోపలికెళ్లి పాల లెక్కల పుస్తకం తెచ్చింది. వెనక పేజీలో మూడేళ్ల మక్తా బస్తాలు, పక్కనే గొలుసు వడ్డీ. బాబాయ్ కాసేపు గట్టు వైపు చూసి, "సరే, రాయండి" అన్నాడు.