ఏ బ్రౌన్? పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరిద్దరూ అడిగిన ప్రశ్నకు జవాబు ఫోనులో చెప్పగలిగేంత చిన్నది కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. వేమన పద్యాలను అచ్చువేయించిన బ్రౌన్, సైన్సు పాఠంలో "బ్రౌనియన్ చలనం" అని వచ్చే బ్రౌన్ ఒకరేనా, లేక అన్నదమ్ములా అని అడిగారు. ఒకరు కాదు, అన్నదమ్ములూ కారు. ఇద్దరివీ వేరువేరు కుటుంబాలు.

మన ఇళ్లలో ఇంటిపేర్లు చాలావరకు ఊళ్లనుబట్టి వచ్చినవే. ఇంగ్లండులో మధ్యయుగాలలో భూముల లెక్కలకూ పన్నుల లెక్కలకూ ఇంటిపేర్లు అవసరమయ్యాయి. ఒకే ఊళ్లో నలుగురు జాన్లు ఉంటే ఎవరు ఎవరో తెలియాలి కదా. కమ్మరి జాన్ స్మిత్ అయ్యాడు, బట్టలు కుట్టే జాన్ టైలర్ అయ్యాడు. గోధుమరంగు జుట్టో, చామనఛాయో ఉన్న జాన్ బ్రౌన్ అయ్యాడు. అలాంటి మనిషి ఒక్క ఊళ్లోనే ఉంటాడా? ఊరికొక బ్రౌన్ విడిగా పుట్టుకొచ్చాడు. తరువాత అమెరికా చేరిన జర్మన్లలో బ్రాన్ అనే ఇంటిపేరు గలవారు కొందరు దాన్ని బ్రౌన్‌గా మార్చుకున్నారు. 2010 అమెరికా జనాభా లెక్కల్లో ఈ ఇంటిపేరుది నాలుగో స్థానం. ఇన్ని చోట్ల మొలిచిన పేరును పట్టుకుని చుట్టరికం కలపలేం.

మీరడిగిన ఇద్దరూ మాత్రం ఒకే కాలంవాళ్లు. 1827లో ఇద్దరూ ఏం చేస్తున్నారో పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది.

లండన్‌లో ఉన్నది రాబర్ట్ బ్రౌన్. 1773లో స్కాట్లండులోని మాంట్రోజ్‌లో పుట్టాడు. యౌవనంలో నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ ఓడ ఎక్కి ఆస్ట్రేలియా తీరమంతా తిరిగి, వేల మొక్కల నమూనాలు సేకరించి తెచ్చిన వృక్షశాస్త్రవేత్త. ఆ ఏడాది క్లార్కియా అనే పూలమొక్క పుప్పొడిని నీటిలో వేసి సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. చాలా పుస్తకాలు పుప్పొడి రేణువులే కదిలాయని రాస్తాయి, మీ పుస్తకంలోనూ అలాగే ఉంటే సరిదిద్దుకోండి. ఆయన చూసింది ఆ రేణువుల లోపల ఉండే ఇంకా సన్నని కణాలను. అవి ఒక్క క్షణం నిలవకుండా అటూఇటూ కదులుతున్నాయి. మొదట వాటిలో జీవం ఉందేమో అనుకున్నాడు. ఇంకొకరైతే అదే ప్రకటించి పేరు తెచ్చుకునేవారు. ఆయన ఎప్పుడో ఎండి చచ్చిన మొక్కల పుప్పొడిని చూశాడు, అదీ కదిలింది. గాజును నూరి చూశాడు, లోహాల పొడి, రాళ్ల పొడి వేసి చూశాడు, చివరికి ఈజిప్టులోని స్ఫింక్స్ విగ్రహపు చిన్న ముక్కను కూడా నూరి చూశాడు. అన్నీ కదిలాయి. అంటే కదలికకు కారణం జీవం కాదు. మరి ఏమిటో ఆయన చెప్పలేకపోయాడు, చెప్పలేనని తెలిసి ఊహలు పేర్చకుండా ఆగాడు. 1905లో ఐన్‌స్టీన్ ఆ లెక్క తేల్చాడు: కంటికి కనిపించని నీటి అణువులు అన్ని వైపుల నుంచీ తాకుతూ ఆ కణాలను తోస్తున్నాయి. తరువాత ఫ్రాన్స్‌లో జాన్ పెరాన్ ప్రయోగాలతో దాన్ని నిరూపించాక, అణువులు ఉన్నాయా లేవా అన్న పాత వాదం ముగిసింది. కణంలోని కేంద్రకానికి ఇంగ్లిషులో ఇప్పుడు మనం వాడే పేరు పెట్టింది కూడా ఈ రాబర్ట్ బ్రౌనే.

అదే 1827లో కడపలో ఉన్నది చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. వయసు ఇంకా ముప్ఫై నిండలేదు. 1798లో కలకత్తాలో పుట్టాడు, తండ్రి క్రైస్తవ మతబోధకుడు. తండ్రి పోయాక ఇంగ్లండు వెళ్లి చదువుకుని, 1817లో కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) ఉద్యోగిగా మద్రాసు వచ్చాడు. అక్కడ తెలుగు ఓనమాలు దిద్దించింది వెలగపూడి కోదండరామ పంతులు. 1820లో కడప వచ్చినప్పుడు అక్కడి కలెక్టరు హాన్‌బరీ రైతులతో ధారాళంగా తెలుగులో మాట్లాడటం చూసి, తనూ అలా నేర్చుకోవాలని పట్టుబట్టాడు. వేమన మీద మనసు పడింది 1824లో. ఎర్రముక్కపల్లెలో బంగళా కొని, అందులో పండితులను సొంత జీతం డబ్బుతో పెట్టుకుని పని మొదలుపెట్టాడు.

ఆ పని ఎలా చేశారో మీరు తెలుసుకోవాలి. ఒక కావ్యం తీసుకుంటే దానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించేవారు. తాటాకుల మీద పద్యాలు ఎడం లేకుండా బారుగా ఉంటాయి, ఒక పద్యం ఎక్కడ ముగిసిందో ఇంకొకటి ఎక్కడ మొదలైందో వెంటనే తెలియదు. లేఖకులు తలా ఒక తప్పు రాసి ఉంటారు. పండితులు పద్యాలను విడదీసి, అంకెలు వేసి, ఒక ప్రతిలోని పాఠాన్ని ఇంకో ప్రతితో సరిచూసి, తేడాలు పక్కన రాసి, కాగితం మీద శుద్ధప్రతి తయారు చేసేవారు. జూలూరి అప్పయ్య వంటి పండితుల చెమట అందులో ఉంది. పుస్తకం మీద బ్రౌన్ పేరే ఉంటుంది కాబట్టి వీళ్ల పేర్లు కూడా మీకు చెప్పాలని నా కోరిక. 1829లో వేమన పద్యాలు ఇంగ్లిషు అనువాదంతో అచ్చయ్యాయి. తరువాత వ్యాకరణం, 1852లో నిఘంటువు. నేను ఏదైనా పాత మాట అర్థం కాకపోతే ఇప్పటికీ బ్రౌన్ నిఘంటువే తెరుస్తాను. దాని కోసం ఆయన అప్పులపాలయ్యాడు కూడా. తను సేకరించిన రాతప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు, అవి తరువాత మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి చేరాయి. చివరి ఏళ్లలో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా ఉండి, 1884లో కన్నుమూశాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఈనాడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. దాన్ని సాధించడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఎంత తిరిగారో ఆ ఊరివాళ్లకు తెలుసు.

ఇంగ్లండులో కొండలూ చెరువులూ సహజంగా ఉన్నట్టే కనిపించేలా తోటలు తీర్చిన లాన్సెలాట్ బ్రౌన్ ఒకడు, 1768లో ఆయన హాంప్టన్ కోర్టులో నాటించిన ద్రాక్షతీగ ఇంకా కాస్తూనే ఉంది. 1919 జూన్‌లో ఆల్కాక్‌తో కలిసి అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఎక్కడా ఆగకుండా విమానంలో మొదటిసారి దాటిన ఆర్థర్ విట్టెన్ బ్రౌన్ ఒకడు. గార్డన్ బ్రౌన్ 2007 నుంచి 2010 దాకా బ్రిటన్ ప్రధానిగా చేశాడు. వీళ్ల గురించి మీరే చదువుకోగలరు. నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది అమెరికాలోని బ్రౌన్ల గురించి.

రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ప్రావిడెన్స్ అనే ఊరు ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ నలుగురు అన్నదమ్ములు పెద్ద వ్యాపారులు, వాళ్ల ఇంటిపేరూ బ్రౌనే. 1764లో వాళ్లు శాలీ అనే ఓడను ఆఫ్రికాకు పంపి మనుషులను కొనిపించారు. ఆ ఓడ చేతికి చిక్కిన 196 మందిలో కనీసం 109 మంది చనిపోయారు. నలుగురిలో మోజెస్ బ్రౌన్ 1773లో తన భార్య పోయాక పూర్తిగా మారిపోయాడు. క్వేకర్ అనే క్రైస్తవ శాఖలో చేరి, తన దగ్గర ఉన్న బానిసలను విడిచిపెట్టి, మిగిలిన జీవితమంతా బానిస వ్యాపారాన్ని ఎదిరించాడు. అన్న జాన్ బ్రౌన్ ఆ వ్యాపారం మానలేదు, పత్రికల్లోనూ ఆ తరువాత అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసులోనూ దాన్ని సమర్థించాడు. చట్టాన్ని మీరి ఓడను పంపినందుకు 1797లో ఆయన కోర్టుకెక్కాల్సి వచ్చింది, ఓడ ప్రభుత్వం పాలైంది. ఒకే తల్లి బిడ్డలు, ఒకే వీధిలో పెరిగినవాళ్లు! ఈ కుటుంబం పేరే అక్కడి బ్రౌన్ విశ్వవిద్యాలయానిది. ఆ విశ్వవిద్యాలయం ఇటీవలి కాలంలో ఈ చరిత్రను దాచకుండా తవ్వించింది. 2003లో అందుకు సంఘం వేసిన అధ్యక్షురాలు రూత్ సిమన్స్ బానిసల వంశంలో పుట్టిన మనిషి.

అదే దేశంలో ఇంకో జాన్ బ్రౌన్ ఉన్నాడు. 1800లో పుట్టాడు, తోళ్లు ఊనే పని చేశాడు, తెల్లవాడు. బానిసత్వాన్ని మాటలతో ఆపలేమని నమ్మి, 1859 అక్టోబరులో పాతికమందైనా లేని చిన్న దళంతో హార్పర్స్ ఫెర్రీ అనే ఊళ్లోని ప్రభుత్వ ఆయుధాగారం మీద దాడి చేశాడు. ఆయన కొడుకులు ఇద్దరు అందులో చనిపోయారు. డిసెంబరు 2న ఆయనను ఉరితీశారు. అంతకుముందు కాన్సాస్‌లో ఆయన మనుషులు ఐదుగురిని ఇళ్లలోంచి లాగి చంపారు, దాన్ని నేను మీకు చెప్పకుండా దాటవేయను. ఆయన ఆశయం న్యాయమైనదని నమ్ముతాను, ఆ హత్యలను మాత్రం సమర్థించలేను. కాబట్టి పిల్లలూ, "జాన్ బ్రౌన్" అని పూర్తి పేరు కనిపించినా చాలదు. మనుషులను అమ్మిన జాన్ బ్రౌన్ ఉన్నాడు, వాళ్ల విముక్తి కోసం ఉరికంబం ఎక్కిన జాన్ బ్రౌన్ ఉన్నాడు. ఏ కాలం, ఏ ఊరు అని చూసి తీరాలి.

బానిసలకు చట్టం దృష్టిలో ఇంటిపేరే లేదు. చాలామందికి యజమాని పేరు అంటుకుంది, కొందరు స్వేచ్ఛ వచ్చాక తామే ఒక పేరు ఎంచుకున్నారు. హెన్రీ బ్రౌన్ వర్జీనియాలో పుట్టిన బానిస. రిచ్‌మండ్‌లోని పొగాకు కార్ఖానాలో పనిచేసేవాడు. 1848లో ఆయన భార్యనూ పిల్లలనూ అమ్మేశారు. గొలుసులతో వాళ్లను నడిపించుకుపోతుంటే చూస్తూ నిలబడటం తప్ప ఏమీ చేయలేకపోయాడు. మరుసటి ఏడాది మార్చిలో తనను తాను పెట్టెలో పెట్టించుకుని సరుకుల రవాణాలో, బానిసత్వం లేని ఫిలడెల్ఫియాకు పంపించుకున్నాడు. అంతకుముందు, ఆ రోజు పని తప్పించుకునేందుకు చేతి వేలి మీద ఆమ్లం పోసుకుని ఎముక కనిపించేదాకా కాల్చుకున్నాడు. పెట్టె పొడవు మూడడుగులు, వెడల్పు రెండడుగులు. లోపల కొంచెం నీళ్లు, కొన్ని బిస్కట్లు, గాలికి చిన్న రంధ్రాలు. "ఈ వైపు పైకి" అని పెట్టె మీద రాసి ఉన్నా కూలీలు పట్టించుకోలేదు. పడవలో చాలాసేపు తలకిందులుగా ఉండి, కళ్లు బయటికి వచ్చేస్తాయేమో అన్నంతగా రక్తం తలకెక్కింది. ఇద్దరు మనుషులు కూర్చోవడానికి ఆ పెట్టెను పక్కకు తిప్పడంతో బతికాడు. 27 గంటల తరువాత మూత తెరిస్తే లేచి నిలబడి భక్తిగీతం పాడాడు. ఆయనను పెట్టెలో పెట్టి పంపిన చెప్పులు కుట్టే శామ్యూల్ స్మిత్, తరువాత మరి కొందరిని అలాగే పంపబోయి పట్టుబడి జైలుకు వెళ్లాడు.

ఇంకో వందేళ్లు ముందుకు రండి. కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకాలో లిండా బ్రౌన్ అనే పాప ఉంది. ఇంటికి దగ్గరలోనే బడి ఉంది, కానీ అది తెల్లపిల్లలది. ఆమె రైలు పట్టాల పక్కగా నడిచి, బస్సెక్కి, దూరాన ఉన్న నల్లపిల్లల బడికి వెళ్లాలి. తండ్రి ఆలివర్ బ్రౌన్ రైల్వేలో వెల్డరు. ఆయన ఆమెను చేయిపట్టుకుని దగ్గరి బడికి తీసుకెళ్తే చేర్చుకోలేదు. కోర్టులో దావా వేశారు. 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, రంగునుబట్టి బడులను వేరుచేయడం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు ఇచ్చారు. అప్పటికి లిండా ఆ చిన్న బడి వయసు దాటిపోయింది.

ఆ దావాలో టొపీకా నుంచి చేరిన తల్లిదండ్రులు పదమూడుగురు. పన్నెండు మంది తల్లులు, ఒకే ఒక తండ్రి. ఆ తల్లులలో డార్లీన్ బ్రౌన్ అనే ఆమె కూడా ఉంది. అక్షరక్రమంలో ఆమె పేరు ఆలివర్ కంటే ముందు రావాలి. అయినా కేసు ఆలివర్ పేరుతోనే నడిచింది, చరిత్రలో నిలిచింది ఆయన బ్రౌన్. నాకు ఇది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ప్రసిద్ధులైన బ్రౌన్లు అని ఏ జాబితా చూసినా అందులో మగవాళ్లే ఎక్కువ. దానికి ఒక కారణం పెళ్లితో ఆడవాళ్ల ఇంటిపేరు మారడం. మన ఇళ్లలోనూ అంతే కదా, నేను పుట్టిన ఇంటి పేరు ఏమిటో మీలో ఎవరికైనా తెలుసా? ఈసారి అడగండి, చెబుతాను.

ఒక అమ్మాయి గురించి చెప్పి ముగిస్తాను. 1978 జూలై 25 రాత్రి ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ ఆసుపత్రిలో లూయీస్ బ్రౌన్ పుట్టింది. తల్లి శరీరం బయట, ప్రయోగశాలలో అండాన్ని ఫలదీకరించి, తిరిగి తల్లి గర్భంలో పెట్టగా పుట్టిన మొట్టమొదటి బిడ్డ. తల్లి లెస్లీ తొమ్మిదేళ్లు బిడ్డ కోసం ఎదురుచూసింది. తండ్రి రైల్వే ఉద్యోగి, ఆయన పేరు జాన్ బ్రౌన్. అవును, మరో జాన్ బ్రౌన్! డాక్టరు స్టెప్టో, శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్, వాళ్లతో పాటు జీన్ పర్డీ ఈ పని చేశారు. ఆ పిండం కణాలుగా చీలడాన్ని అందరికంటే ముందు కళ్లారా చూసింది పర్డీయే. ఆమె 39 ఏళ్లకే పోయింది. ఆసుపత్రిలో పెట్టిన ఫలకం మీద చాలా ఏళ్లు ఆమె పేరు లేదు, 2015లో కొత్త ఫలకంలో చేర్చారు. లూయీస్ చెల్లెలు నటాలీ కూడా ఇదే పద్ధతిలో పుట్టి, 1999లో మామూలుగానే గర్భం ధరించి తల్లి అయింది. ఇలా పుట్టిన పిల్లలు మళ్లీ పిల్లలను కనగలరా అన్న భయం ఆనాటితో పోయింది. లూయీస్‌కు 2004లో పెళ్లయింది. ఇప్పుడు ఆమె ఇంటిపేరు ముల్లిండర్, పత్రికలవాళ్లు మాత్రం ఇంకా లూయీస్ బ్రౌన్ అనే రాస్తుంటారు.

మీ అమ్మమ్మ