మన మేడ బరువెంత? మనవలకు ఉత్తరం

చిన్నా, బుజ్జమ్మా,

దసరా సెలవుల్లో పై పోర్షన్‌కి స్లాబు వేస్తుంటే మీరిద్దరూ అడిగారు గుర్తుందా, ఇంత కాంక్రీటుని ఈ సన్నటి పిల్లర్లు మోస్తాయని ముందే ఎలా తెలుస్తుంది తాతయ్యా అని. ఆ రోజు కాంక్రీటు కలిపే మిల్లరు మోతలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను, పెన్నూ కాగితం దగ్గర పెట్టుకోండి.

మీరు పడుకునే గదినే తీసుకుందాం. 10 అడుగులు, 12 అడుగులు, అంటే సుమారు 11 చదరపు మీటర్లు. స్లాబు మందం 5 అంగుళాలు. ఇనుముతో కలిపి ఒక ఘనపు మీటరు కాంక్రీటు 2,500 కేజీలు తూగుతుంది కాబట్టి, చదరపు మీటరు స్లాబు బరువు 312 కేజీల దాకా వస్తుంది. దానిమీద టైల్సు, కింద సిమెంటు కలిపి ఇంకో 100 వేసుకోండి. ఇది ఎప్పటికీ కదలని బరువు, డెడ్ లోడ్ అంటాం. మనుషులు, మంచాలు, బీరువాలు లైవ్ లోడ్. ఇళ్లలో గదులకు చదరపు మీటరుకు 200 కేజీలు లెక్క కట్టమని ఐఎస్ 875, అంటే కట్టడాల మీద పడే బరువులకు మన దేశపు ప్రమాణాల పుస్తకం, రెండో భాగంలో చెబుతుంది. బాల్కనీకి, మెట్లకి మాత్రం 300, ఎందుకంటే వీధిలో ఊరేగింపు వెళ్తే ఇంటిల్లిపాదీ బాల్కనీలోకే వస్తారు కదా. మన గదికి ఈ మూడూ కలిపితే చదరపు మీటరుకు మొత్తం 612. గది అంతటికీ 6.8 టన్నులు.

ఈ బరువు ఎటు పోతుంది? కాగితం మీద గది గీసి, నాలుగు మూలల నుంచీ 45 డిగ్రీల గీతలు లోపలికి గీయండి. పొట్టి వైపులకు త్రిభుజాలు, పొడుగు వైపులకు ట్రెపీజియంలు వస్తాయి. ఏ ముక్క బరువు ఆ వైపు బీముది, అంటే అంచున స్లాబుని మోసే కాంక్రీటు దూలానిది. పొడుగు బీముకి 2 టన్నులు, పొట్టిదానికి 1.4. ఇంతేనా అనుకోకండి, ఆ పొడుగు బీము మీద 3 మీటర్ల ఎత్తున 9 అంగుళాల ఇటుక గోడ కడితే దాని ఒక్కదాని బరువే 5 టన్నులు! అందరూ స్లాబుని చూసి భయపడతారు, గోడని మర్చిపోతారు. కింద బీము లేనిచోట, తర్వాత బుద్ధి పుట్టినప్పుడు గోడ లేపడం అందుకే నాకు అస్సలు నచ్చదు.

బీము తన బరువుని రెండు చివర్లా పిల్లర్లకి పంచుతుంది, పిల్లరు ఫుటింగుకి, అంటే అడుగున ఉండే పునాది దిమ్మకి, ఫుటింగు నేలకి. కడ్డీలు ఎన్ని వేయాలో తేల్చేటప్పుడు భద్రత కోసం ఈ బరువుల్ని ఒకటిన్నర రెట్లు చేసి చూస్తాం.

నరసన్నపేట వైపు ఒకరి ఇంట్లో చూసిన సంగతి నేనెప్పటికీ మర్చిపోను. మేడ మీద గదిలో ధాన్యం బస్తాలు పేర్చారు, ఒకదాని మీద ఒకటి అయిదు. బస్తా 80 కేజీలు, అది పరుచుకునే చోటు అర చదరపు మీటరు. లెక్క మీరే కట్టండి, 200 ఉండాల్సిన చోట 800. కింద గదిలో నిలబడి తల ఎత్తి చూస్తే స్లాబు మధ్యలో కిందికి దిగి, ప్లాస్టరింగు వెంట్రుక మందాన పగిలి ఉంది. బస్తాలు ఆ పూటే దింపించాం. వాళ్ల తప్పేమీ లేదు, ఆ గదిలో ఏం పెడతారని కట్టేటప్పుడు ఎవరూ అడగలేదంతే. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు కూడా అలాంటిదే, నిండితే టన్ను, దాన్ని స్లాబు నడిమధ్య కాకుండా పిల్లర్ల మీదికి వచ్చేలా పెట్టించాలి.

బరువంటే కిందికే అనుకోకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు పడిపోవడమే కాదు, ఇళ్ల రేకులూ ఎగిరిపోయాయి. గాలి కప్పుని పైకి లాగుతుంది, దాని లెక్క అదే ఐఎస్ 875 మూడో భాగంలో ఉంటుంది. రేకుల ఇంటికి బరువు మోయడం కంటే గట్టిగా పట్టి ఉంచడం ముఖ్యం.

సంక్రాంతికి వచ్చేటప్పుడు అక్కడ మీరుంటున్న ఇంట్లో హాలు కొలతలు, గోడల మందం రాసుకుని రండి. మీ నాన్న పుస్తకాల బీరువా ఎక్కడుందో కూడా గీయండి.

మీ తాతయ్య
శ్రీకాకుళం