నందాదేవి: శిఖరం కన్నా దారే కష్టం

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉన్న నందాదేవి ఎత్తు 7,816 మీటర్లు. మన దేశంలో కాంచనగంగ తర్వాత ఇదే ఎత్తయిన శిఖరం. కాంచనగంగ నేపాల్ సరిహద్దు మీద ఉంటే, నందాదేవి పూర్తిగా మన నేల మీదే ఉంది. అయితే ఇన్నేళ్లు పర్వతారోహకులను ఊరించింది దీని ఎత్తు కాదు, దీని చుట్టూ ఉన్న కొండల గోడ.

ఆ గోడ చుట్టుకొలత 110 కిలోమీటర్ల పైచిలుకు. సగటు ఎత్తు 6,000 మీటర్లు. లోపల హిమానీనదాలు, పచ్చిక బయళ్లు, వాటి నడుమ శిఖరం. కరిగిన మంచునీరంతా పడమటి వైపు ఒకే ఒక్క సందులోంచి బయటికి వస్తుంది. అదే రిషిగంగ లోయ. నది కోసుకుంటూ పోగా రెండు పక్కలా నిట్టనిలువు రాతిగోడలు మిగిలాయి.

1883లో బ్రిటిష్ పర్వతారోహకుడు గ్రాహం ఈ లోయ గుండా వెళ్లబోయి వెనుదిరిగాడు. 1905లో లాంగ్‌స్టాఫ్ తూర్పు గోడ మీది కనుమ దాకా ఎక్కి లోపలికి తొంగిచూశాడు, దిగలేకపోయాడు. రట్‌లెడ్జ్ అయితే 1926 నుంచి 1932 లోపు మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ దారి దొరక్క తిరిగిపోయాడు. శిఖరం ఎక్కడం సంగతి అటుంచి, దాని పాదం దగ్గరికి చేరడానికే అర్ధశతాబ్దం పట్టిందన్నమాట!

ఆ దారి 1934లో దొరికింది. బ్రిటిష్ పర్వతారోహకులు ఎరిక్ షిప్టన్, బిల్ టిల్‌మన్, వాళ్లతో ముగ్గురు షెర్పాలు: అంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్. పెద్ద బలగం లేదు, డబ్బూ అంతంతమాత్రమే. కింద నది హోరెత్తుతుంటే, గోడకు అతుక్కుని ఉన్న సన్నటి రాతి అంచుల మీదుగా నడిచారు. ఒక అంచు ముగిసిన చోట ఇంకో అంచు వెతుక్కోవాలి. ముందు మనిషి వెళ్లి చూడాలి, ఆ తర్వాత మూటలు తాళ్లతో చేరవేయాలి. చివరి ఆరేడు కిలోమీటర్లకే రోజులు గడిచిపోయాయి. నా లెక్కలో ఈ పర్వతం చరిత్రలో అసలు ఘనకార్యం ఇదే. అందులో షెర్పాలది సమాన భాగం.

రెండేళ్లకు బ్రిటిష్, అమెరికన్ బృందం అదే దారిన వచ్చింది. పై శిబిరంలో చార్లెస్ హ్యూస్టన్‌కు పాడైన డబ్బా మాంసం తిని జబ్బు చేసింది. అతని బదులు టిల్‌మన్ పైకి వెళ్లి, 1936 ఆగస్టు 29న నోయల్ ఓడెల్‌తో కలిసి శిఖరం చేరాడు. 1924లో ఎవరెస్ట్ ఎక్కబోయి మాయమైన మాలరీ, ఇర్విన్‌లను చివరిసారి చూసింది ఈ ఓడెలే. 1950లో అన్నపూర్ణ ఎక్కేదాకా మనిషి చేరిన అత్యంత ఎత్తయిన శిఖరం నందాదేవే.

1964లో నవాంగ్ గోంబు భారత బృందం తరఫున శిఖరం ఎక్కాడు. మరుసటి ఏడాది చైనా క్షిపణి పరీక్షలపై నిఘా కోసం అమెరికా, భారత గూఢచారి సంస్థలు ప్లుటోనియంతో నడిచే పరికరాన్ని పైకి మోయించాయి. వాతావరణం చెడటంతో దాన్ని మధ్యలోనే వదిలి దిగారు. మళ్లీ వెళ్లి చూస్తే అక్కడ లేదు, ఇప్పటికీ దొరకలేదు.

1970లలో బృందాల రాక బాగా పెరిగింది. వంటచెరకు కోసం చెట్లు నరికారు, చెత్త పేరుకుంది. భరాల్ గొర్రెలకు, కస్తూరి జింకలకు, మంచు చిరుతలకు నిలయమైన ఆ చోటుకు అది గడ్డుకాలం. 1982లో దాన్ని జాతీయ పార్కు చేశారు, మరుసటి ఏడాది ఆరోహణకు తలుపులు మూసేశారు. అది మంచి నిర్ణయమనే నేను గట్టిగా నమ్ముతాను. తర్వాత వెళ్లిన పరిశీలక బృందాలు లోపల పచ్చదనం కోలుకుంటున్నట్టు గమనించాయి. 1988లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడు లాతా గ్రామం మీదుగా బయటి అంచు దాకా, అదీ పరిమిత సంఖ్యలోనే ట్రెకర్లను పంపుతున్నారు.