పాత గేముకు కొత్త ఇంజిన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: అమ్మడం మానేసిన పాత గేమును ఉచితంగా ఇస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఉద్యోగరీత్యా యూనిటీ అనే గేము ఇంజిన్‌లో (ఆటను నడిపించే పునాది సాఫ్ట్‌వేర్‌లో) ప్రోగ్రాములు రాస్తూ, తీరిక వేళల్లో పాత గేములను బతికించే పనిలో పాలుపంచుకునే నాకు తరచుగా ఎదురయ్యే మాట ఇది. అభిమానుల ఏళ్ళ శ్రమను ఒక్క పూటలో తుడిచిపెట్టేదీ ఇదే. అమ్మకం ఆగినంత మాత్రాన కాపీరైటు పోదు. అమెరికా చట్టం ప్రకారం, ఒక సంస్థ తన ఉద్యోగుల చేత చేయించి 1996లో విడుదల చేసిన గేముకు 95 ఏళ్ళు, అంటే 2091 చివరి వరకు రక్షణ ఉంటుంది. ‘అబాండన్‌వేర్’ (వదిలేసిన సాఫ్ట్‌వేర్) అన్నది అభిమానులు వాడుకలోకి తెచ్చిన మాటే గాని చట్టం ఇచ్చిన హోదా కాదు. ఉచితంగా ఇవ్వడమూ కవచం కాదు. 1991 నాటి నింటెండో గేము మెట్రాయిడ్ 2ను ఒక అభిమాని ఏళ్ళ తరబడి పునర్నిర్మించి 2016 ఆగస్టులో ఉచితంగా విడుదల చేస్తే, నింటెండో నోటీసులతో కొద్ది రోజులకే డౌన్‌లోడ్ లింకులు తీసివేయవలసి వచ్చింది.

ఒకసారి రాత్రి పదకొండు దాటాక ఒక విద్యార్థి ఫోన్ చేసి, "నోటీసు వచ్చిందన్నా, మమ్మల్ని జైల్లో వేస్తారా?" అని అడిగాడు. నలుగురు స్నేహితులు రెండేళ్ళు కష్టపడి రాసిన కోడు పూర్తిగా వాళ్ళదే అయినా, అసలు గేములోని టెక్స్‌చర్లు (వస్తువుల ఉపరితలాలపై అతికించే బొమ్మలు), శబ్దాలు కూడా అదే రిపాజిటరీలో, అంటే కోడును దాచి పంచుకునే చోట, ఉండడంతో మొత్తం పేజీ మూతపడింది. భయపడవద్దని, అసెట్లను, అంటే ఆ బొమ్మలను, శబ్దాలను, వెంటనే తీసివేసి మర్యాదగా జవాబు రాయమని చెప్పాను. వాటి ఫోల్డరు ఎప్పుడో తీసేశామని అతను అన్నాడు. కానీ కోడులో మార్పులను నమోదుచేసే గిట్‌లో ఫైలును తొలగించినా పాత కమిట్లలో (భద్రపరచిన పాత రూపాలలో) అది అలాగే ఉండిపోతుంది. హిస్టరీని, అంటే ఆ కమిట్ల వరుసను, తిరగరాస్తేనే పోతుంది.

మరి బెథెస్డా సంస్థ 1996 నాటి గేము డాగర్‌ఫాల్‌ను యూనిటీలోకి తెచ్చినవాళ్ళు ఎలా నిలబడ్డారని అతను అడిగాడు. వాళ్ళ ప్రోగ్రాము ‘డాగర్‌ఫాల్ యూనిటీ’లో కోడు వేరు, గేము సరుకు వేరు. కోడంతా అభిమానులు సి షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కొత్తగా రాసి, ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సుతో బహిరంగంగా పెట్టినది. బెథెస్డా వారి మోడళ్ళను, బొమ్మలను, ఊళ్ళ అమరికను మాత్రం ఆటగాడి దగ్గరున్న ‘అరీనా2’ ఫోల్డరులోని ఫైళ్ళ నుంచి ఆట నడిచేటప్పుడు ఆ ప్రోగ్రాము చదువుకుంటుంది. బెథెస్డా 2009లో ఆ గేమును ఉచితం చేయడం కలిసివచ్చిన మాట నిజమే గాని, ఉచితంగా ఆడుకోనివ్వడం వేరు, హక్కులు వదులుకోవడం వేరు. కోడు ఎలా పుట్టిందన్నదీ ముఖ్యమే: జీటీఏ 3 అనే గేము ప్రోగ్రామును విడదీసి అభిమానులు రాబట్టిన కోడును ఆ గేము హక్కుదారైన టేక్-టూ సంస్థ 2021లో తీసివేయించింది.

అపోహ: కొత్త ఇంజిన్‌లో పెడితే బొమ్మ దానంతటదే మెరుగుపడుతుంది.

చిన్న తెర కోసం గీసిన టెక్స్‌చర్ ఏ ఇంజిన్‌లోనైనా అదే టెక్స్‌చర్. ఇంజిన్ వెలుతురును, ధ్వనిని, తెరపై గీయడాన్ని చూసుకుంటుంది. కత్తి దెబ్బ ఎంత తగలాలన్న లెక్క మనమే రాయాలి.

అపోహ: గేము తయారీదారులు రాసిన అసలు ప్రోగ్రాము పాఠం, అంటే సోర్స్ కోడు, బయటికి రాకపోతే పని మొదలే కాదు.

డాగర్‌ఫాల్ సోర్స్ కోడు లేకుండానే, ఫైళ్ళ అమరికను ఓపికగా ఛేదించి ఆ పని చేశారు.

అపోహ: హక్కుదారులందరూ అభిమానులకు శత్రువులే.

వాల్వ్ సంస్థ 1998 నాటి గేము హాఫ్-లైఫ్‌ను అదే సంస్థ ‘సోర్స్’ అనే ఇంజిన్‌లో అభిమానులు తిరిగి కట్టిన బ్లాక్ మెసా 2012లో ఉచితంగా వచ్చింది. వాల్వ్ అనుమతి ఇవ్వడంతో తరువాత స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో అమ్మకానికి వెళ్ళి 2020లో పూర్తి రూపం సంతరించుకుంది.

నాకు ఫోన్ చేసిన విద్యార్థి బృందంలోని ఆ నలుగురూ మూడు వారాలు కూర్చుని అసెట్లన్నిటినీ హిస్టరీతో సహా తీసివేసి, కోడును మాత్రమే కొత్త రిపాజిటరీలో పెట్టారు. ఇప్పుడు వాళ్ళ ప్రోగ్రామును మొదటిసారి తెరిస్తే నల్లని తెర మీద ఒకే ఒక గడి, దాని పైన ఒక వాక్యం కనిపిస్తాయి: "మీ దగ్గరున్న అసలు గేము ఫోల్డరును చూపించండి."