టెర్మినల్‌లో డిలీట్ చేస్తే: అపోహలు, వాస్తవాలు

లినక్స్ సర్వర్లు చూసుకోవడం నా పని. అక్కడ ఫైళ్లు డిలీట్ చేసే కమాండ్ పేరు ఆర్‌ఎం. "అన్నా, పొరపాటున ఆర్‌ఎం కొట్టేశాను" అంటూ ఫోన్ చేసేవాళ్ల గొంతులో టెన్షన్ నాకు బాగా తెలుసు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ట్రాష్‌లో ఉంటుందిలే.

వాస్తవం: ఉండదు. ట్రాష్ అనేది డెస్క్‌టాప్ చేసిన ఏర్పాటు. ఆర్‌ఎం డైరెక్టరీలోంచి ఫైలు పేరును తీసేస్తుంది, అంతే. ఆ ఫైలుకు ఇంకో హార్డ్ లింక్ (అదే డేటాకి మరో పేరు) లేకపోతే, ఏ ప్రోగ్రామూ దాన్ని తెరిచి ఉంచకపోతే, ఆ చోటు ఖాళీ కింద లెక్క. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ (ఏ చోటు ఖాళీ అయిందో డిస్క్‌కి చెప్పే పని) కూడా నడిచిందంటే రికవరీ టూల్స్‌కి మామూలుగా ఏమీ దొరకదు.

అపోహ: మరీ ప్రమాదమైతే సిస్టమే ఆపుతుంది.

వాస్తవం: రూట్ డైరెక్టరీని, అంటే అన్నిటికీ పైనుండే స్లాష్‌ని, నేరుగా ఇస్తే లినక్స్‌లో మామూలుగా ఉండే గ్నూ ఆర్‌ఎం ఒప్పుకోదు. కాపలా అంతవరకే. స్లాష్ పక్కన స్టార్ ('అన్నీ' అని అర్థం) పెట్టారా, షెల్ (మన కమాండ్‌ని చదివి నడిపించే ప్రోగ్రామ్) ముందే దాన్ని ఒక్కో డైరెక్టరీ పేరుగా విడదీసి ఇస్తుంది. ఆర్‌ఎంకి స్టార్ కనిపించనే కనిపించదు.

మా టీమ్‌లో ఒక కుర్రాడు లాగ్స్, స్లాష్, స్టార్ కొట్టబోయి స్టార్‌కి ముందు స్పేస్ కొట్టాడు. ఆ స్పేస్‌తో ఆర్‌ఎంకి రెండు పనులయ్యాయి: లాగ్స్ ఫోల్డర్ ఒకటి, తను నిలబడ్డ డైరెక్టరీలోని సమస్తం ఇంకొకటి. రెండూ పోయాయి. స్క్రీన్ మీద ఒక్క ముక్క రాలేదు, ప్రాంప్ట్ తిరిగొచ్చిందంతే. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కొడితే ఖాళీ. అప్పటి నుంచి మా దగ్గర స్టార్ ఉంటే ముందు ఎకో (ఏ పేర్లు వస్తాయో స్క్రీన్ మీద చూపే కమాండ్) పెట్టి చూస్తాం, తర్వాతే ఆర్‌ఎం.

స్క్రిప్టుల్లో ఖాళీ వేరియబుల్ (ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట ఏమీ లేకపోవడం) కూడా ఇంతే. 2015లో గేమ్‌ల యాప్ స్టీమ్ వాళ్ల లినక్స్ స్క్రిప్టులో ఇలాగే వేరియబుల్ ఖాళీ అయి, స్లాష్-స్టార్ మాత్రం మిగిలింది. కొందరి సొంత ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి.

అపోహ: ఆర్‌ఎం కొడితే ముందు అడిగేలా మైనస్ ఐ ఎలియాస్ (కమాండ్‌కి మారుపేరు) పెట్టుకున్నాను, నాకేం భయం లేదు.

వాస్తవం: వెనక మైనస్ ఎఫ్ తగిలిస్తే అది అడగడం మానేస్తుంది. పైగా పక్క సర్వర్‌లో ఆ ఎలియాసే ఉండదు.

అపోహ: బ్యాకప్ ఉంది కదా.

వాస్తవం: 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్, సెకండరీ (నకలు) డేటాబేస్ సర్వర్‌లో ఉన్నాననుకుని ప్రైమరీ (అసలు) సర్వర్ డేటా డైరెక్టరీని డిలీట్ చేశారు. క్షణాల్లో గమనించి ఆపినా, దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. రోజూ తీయాల్సిన డేటాబేస్ బ్యాకప్ (డంప్) సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటి నుంచో ఫెయిలవుతోంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లూ చేరలేదు. చివరికి ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు డిస్క్ నకలు) ఆదుకుంది. ఇంత పారదర్శకంగా చెప్పినందుకు వాళ్లంటే నాకు గౌరవం. మీ బ్యాకప్‌ని చివరిసారి రీస్టోర్ చేసి చూసిందెప్పుడు?

అపోహ: పోయాక ఇక చేసేదేం లేదు.

వాస్తవం: ఆ ఫైలును ఏదైనా సర్వీస్ తెరిచే ఉంచితే ఆ సర్వీస్‌ని అస్సలు రీస్టార్ట్ చేయకండి. తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో ప్రాసెస్ నంబర్ పట్టుకుని, ప్రాక్ డైరెక్టరీ కింద ఆ నంబర్ డైరెక్టరీలోని ఎఫ్‌డీ (ఆ ప్రాసెస్ తెరిచిన ఫైళ్లు కనిపించే చోటు) నుంచి వేరే డిస్క్‌కి కాపీ చేసుకోండి. సర్వీస్ దాన్ని మూసేవరకు ఆ ఫైలు బతికే ఉంటుంది.