చక్రవర్తి తలపై కిరణాలు, నాణెంలో రాగి

టైబీరియస్ చక్రవర్తి (క్రీ.శ. 14–37) కాలపు దేనారం అనే వెండి నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూస్తే ఆనాటి రోమ్ రాజకీయం కనిపిస్తుంది. ముందువైపు ఆకుల దండ ధరించిన చక్రవర్తి ముఖం, చుట్టూ 'దివ్య అగస్టస్ కుమారుడు' అన్న బిరుదు. చనిపోయిన అగస్టస్‌ను సెనేట్ దేవుడిగా ప్రకటించింది కాబట్టి, దత్తపుత్రుడైనా సరే, టైబీరియస్ దేవుడి బిడ్డే. వెనకవైపు రాజదండం, ఆలివ్ కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. శాంతిదేవత అని కొందరు, ఆ రూపంలో ఉన్న చక్రవర్తి తల్లి లివియా అని కొందరు అంటారు. బైబిల్లో పన్ను ప్రస్తావన వచ్చినప్పుడు ఏసుకు చూపించిన దేనారం ఇదేనని చాలామంది నమ్మకం.

బొమ్మ ఎవరిదైనా, పరువు లోహానిది. అగస్టస్ నాటి దేనారం దాదాపు 3.9 గ్రాముల మేలిమి వెండి. క్రీ.శ. 64 ప్రాంతంలో నీరో చక్రవర్తి బరువు తగ్గించి, రాగి పెంచాడు. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి నాటికి వెండి సగానికి దిగింది. 215లో కారకల్లా తెచ్చిన కొత్త నాణెం బరువు ఒకటిన్నర దేనారాలది, విలువ మాత్రం రెండింటిదని పరిశోధకుల అంచనా. దాని మీద చక్రవర్తి తలకు సూర్యదేవుడి కిరణ కిరీటం! 270 వచ్చేసరికి ఆ నాణెంలో వెండి అయిదు శాతమైనా లేదు.

సగం రాగి కలిసిన దేనారం తెల్లగా ఎలా మెరిసింది? ఇంకా అచ్చు వేయని లోహపు బిళ్లను కాలిస్తే పైపొరలోని రాగి ఆక్సైడ్‌గా మారుతుంది. పుల్లటి ద్రవంలో వేస్తే అది కరిగి, వెండి మిగులుతుంది. చింతపండు రాగిచెంబు నలుపును వదిలించేదీ ఇలాగే. ఆపైన అచ్చు దెబ్బ పడగానే గుల్లబారిన ఆ పొర అణిగి నిగనిగలాడుతుంది. ఈ పొర ఆధునిక పరిశోధకులనూ బోల్తా కొట్టించింది: ఉపరితలాన్ని కొలిచి, వెండిని ఎక్కువగా లెక్కేశారు. అందుకే ఇప్పుడు సన్నని రంధ్రం చేసి లోపలి లోహాన్ని పరీక్షిస్తున్నారు.

మన వర్తకులు అంత తేలిగ్గా మోసపోయినట్టు లేదు. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో అత్యధికం నీరో మార్పుకు ముందటివే, అగస్టస్, టైబీరియస్‌లవి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడ్డ పెద్ద నిధి కూడా ఆ కోవదే. ఇలాంటి నిధుల్లోని కొన్ని నాణేలపై చక్రవర్తి ముఖానికి అడ్డంగా గాట్లున్నాయి. రాగి ముద్దకు వెండి రేకు చుట్టిన నకిలీలు రోమ్‌లోనే చలామణి అయ్యేవి కాబట్టి, లోపలా వెండేనా అని చూడటానికే ఆ గాట్లు పెట్టారని ఒక వాదన. పరీక్షకైతే అంచున గాటు చాలదా, ముఖాన్నే ఎందుకు నరకడం, ఇది పరాయి రాజు ముద్రను రద్దు చేయడమేనని మరో వాదన. నాకు రెండోదే సబబనిపిస్తుంది.