చిన్న కోతతో వాల్వ్ రిపేర్: మత్తు డాక్టర్‌గా నేను వినే అపోహలు

గుండె ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్‌ని. ముందు రోజు సాయంత్రం పేషెంటు మంచం పక్కన కూర్చుని, ఆపరేషన్ తర్వాత ఏ ఇబ్బందులు రావచ్చో అంచనా వేయడం నా పని. అక్కడ విన్న మాటలే ఇవి.

అపోహ: కోత చిన్నది, రిస్కూ చిన్నదే.

వాస్తవం: నొప్పి తక్కువే, రొమ్ము ఎముక కోయం, త్వరగా కోలుకుంటారు. కానీ మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం) లీకును పక్కటెముకల సందులోంచి సరిచేసినా గుండెను ఆపాల్సిందే, గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్-లంగ్ మెషిన్ పెట్టాల్సిందే. మెషిన్ మీద ఉండే సమయం ఒక్కోసారి పెద్ద కోత కంటే ఎక్కువ. రక్తాన్ని సాధారణంగా గజ్జల్లోని ధమని నుంచి పైకి పంపుతాం. దారిలో కొవ్వు, కాల్షియం పేరుకుని ఉంటే ఆ ముక్కలు మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. "కోత ఛాతీకైతే స్కాన్ గజ్జల దాకా ఎందుకండీ?" అని అడుగుతారు. ఇందుకే.

అపోహ: స్కోరు 2 శాతమే వచ్చింది, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: ఆపరేషన్ రిస్కు లెక్కగట్టడానికి మేం వాడే స్కోరు యూరోస్కోర్-2. దాన్ని 43 దేశాల్లో 2010లో ఆపరేషనైన 22 వేల మందికి పైగా పేషెంట్ల వివరాలతో తయారుచేశారు. అది చెప్పేది ఆస్పత్రిలో ప్రాణాపాయం గురించే. కిడ్నీలు దెబ్బతింటాయా, వెంటిలేటర్ ఎన్నాళ్లు కావాలి అన్నది చెప్పదు. ఒంట్లో సత్తువ ఎంతుందో కూడా దానికి సరిగ్గా అందదు.

అందుకే వరండాలో 5 మీటర్లు మామూలుగా నడవమంటాను. 6 సెకన్లు దాటితే నెమ్మది కిందే లెక్క. 70 దాటిన ఒక పెద్దావిడకు స్కోరు తక్కువే. కూతురు ఫోన్‌లో సెకన్లు చూస్తుంటే, గోడ పట్టుకుని 9 సెకన్లకు చేరారు. హిమోగ్లోబిన్ 8.6. ఆపరేషన్ వాయిదా వేశాం. మంచిరోజు చూసుకుని వచ్చామని ఇంట్లోవాళ్లు నొచ్చుకున్నారు. మూడు వారాలు ఐరన్ ఇంజెక్షన్లు, రోజూ గుడ్లు, పప్పు, మూడు బంతుల స్పైరోమీటర్‌తో ఊపిరి వ్యాయామం. మళ్లీ వచ్చినప్పుడు ఆవిడ గోడ పట్టుకోలేదు.

అపోహ: పళ్లకీ గుండెకీ సంబంధం లేదు.

వాస్తవం: పుచ్చు పళ్లలోని బ్యాక్టీరియా రక్తంలో కలిసి, రిపేరు చేసిన వాల్వ్‌ను పట్టుకోవచ్చు. పళ్ల డాక్టర్‌ని ముందే కలవండి.

అపోహ: మూడో రోజు దడ వచ్చిందంటే ఆపరేషన్ ఫెయిలైనట్టే.

వాస్తవం: వాల్వ్ ఆపరేషన్ల తర్వాత పదిమందిలో సుమారు ముగ్గురికి గుండె లయ తప్పుతుంది, ఎక్కువగా రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య. వయసు పైబడినవాళ్లలో, లీకు వల్ల ఎడమ కర్ణిక (గుండెలో ఎడమవైపు పై గది) బాగా సాగినవాళ్లలో దీన్ని ముందే ఊహిస్తాం. చాలామందికి మందులతో సర్దుకుంటుంది. అయితే లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టవచ్చు. రాత్రి దడగా అనిపిస్తే తెల్లారేదాకా ఓర్చుకోకండి, వెంటనే నర్సును పిలవండి.